అచ్చువేసిన పళ్ళు: వాటి బలం, బలహీనత
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 ఏండ్లు నిండిన పాఠశాల ఉత్సవంలో పళ్ళను గురించిన ప్రసంగమేమిటని కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. పావగడ తాలూకా ప్రజల నవ్వును దగ్గరగా చూచినవారికి ఆ ఆశ్చర్యం నిలువదు. మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గం సీమలతో కలిసిమెలిసి ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో వర్షం తక్కువ, రాతినేల ఎక్కువ. చెరువులు ఎండినప్పుడు ప్రజలు లోతైన బోరుబావుల నీటిని ఆశ్రయించారు. ఆ నీరు గ్రానైటు శిలల పగుళ్ళలో చిరకాలం నిలిచి, వాటిలోని ఫ్లోరైడును కరిగించుకొని పైకి వచ్చింది. ఆ నీటితో పెరిగిన పిల్లల పళ్ళపై సున్నపు మచ్చలు, ఆపైన గోధుమరంగు చారలు ఏర్పడ్డాయి. లోకం వాటిని గారపళ్ళు అన్నది. అది శుభ్రత లోపం కాదు, నీటి దోషం.

ఈ వ్యాధి కథ తెలుగునాటికి కొత్తది కాదు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వలన ఎముకలు బిగుసుకొనిపోయే వ్యాధిని షార్ట్, ఆయన సహచరులు 1937లో వర్ణించారు. తరువాత నల్లగొండ పేరు ఈ వ్యాధికి పర్యాయపదమైనంతగా వినవచ్చింది. త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చుననీ, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాములకు మించరాదనీ భారతీయ ప్రమాణం నిర్దేశిస్తున్నది.

సహజ దంతం పైపొరను పింగాణి అంటారు. దాని బరువులో సుమారు 96 పాళ్ళు ఖనిజమే. శరీరంలో అంతకంటే గట్టి పదార్థం లేదు. చిగురులోపల పన్ను రూపుదిద్దుకొనే వయసులో ఫ్లోరైడు మితిమీరితే, ఈ పింగాణిలో ఖనిజం సరిగా నిండక సూక్ష్మరంధ్రాలు మిగులుతాయి. తీవ్రమైన స్థితిలో పైపొర పెచ్చులుగా ఊడుతుంది. అట్టి పళ్ళకు తొడుగులు వేయవలసి వస్తుంది. పుప్పి వలననో చిగుళ్ళ వ్యాధి వలననో పళ్ళు ఊడిన వృద్ధులకు కట్టుడు పళ్ళు అవసరమవుతాయి. అప్పుడు పుట్టే ప్రశ్న ఒక్కటే: దేవుడిచ్చిన పన్ను స్థానంలో మనిషి పెట్టే పదార్థం ఎంత బలమైనది?

పందొమ్మిదవ శతాబ్ది నడుమ నుండి కట్టుడు పళ్ళ చిగురుభాగాన్ని గట్టిపరచిన రబ్బరుతో చేసేవారు. 1930ల చివర అక్రిలిక్ రెసిను వచ్చి దానిని తొలగించింది. పొడిని, ద్రవాన్ని కలిపి, అచ్చులో నొక్కి, వేడినీటిలో ఉడికించే ఆ పద్ధతి నేటికీ సాగుతున్నది. 1986లో అమెరికాకు చెందిన చార్లెస్ హల్ ద్రవ రెసినును కాంతితో పొరలు పొరలుగా గట్టిపరచి వస్తువును నిర్మించే విధానానికి పేటెంటు పొందాడు. దానినే ఇప్పుడు త్రీడీ ముద్రణ అంటున్నారు. దంతవైద్యంలో ఒక్కొక్క పొర మందం సాధారణంగా 50 నుండి 100 మైక్రాన్లు. అంటే ఇంచుమించు ఒక కాగితం మందం లేదా అందులో సగం. కాగితాలు దొంతరగా పేర్చి పుస్తకం కట్టినట్లు, పొరలు పేర్చి పన్ను కడతారు.

ఈ పోలికలోనే దాని బలహీనత కూడా ఉన్నది. పుస్తకాన్ని అడ్డంగా చించడం కష్టం, పుటల మధ్య విడదీయడం సులభం. అట్లే పొరలను విడదీసే దిశలో ఒత్తిడి పడితే ముద్రిత రెసిను త్వరగా విరుగుతుంది. కాబట్టి వస్తువును యంత్రంలో ఏ కోణంలో నిలిపి ముద్రించారన్నది దాని బలాన్ని కొంతవరకు నిర్ణయిస్తుంది.

బలాన్ని కొలిచే విధానం ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతం అర్థమయ్యేంత సులువైనది. కట్టుడు పళ్ళ రెసినుకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 64 మిల్లీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 3.3 మందం గల పట్టీని చేస్తారు. నోటి వేడికి సమానంగా 37 డిగ్రీల నీటిలో 50 గంటలు నానబెడతారు. 50 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఆధారాలపై దానిని ఉంచి, నడుమ విరిగేవరకు నొక్కుతారు. వేడితో గట్టిపరచే రెసిను వంగుడు బలం కనీసం 65 మెగాపాస్కళ్ళు ఉండవలెను. లెక్క వేసి చూస్తే, ఆ పట్టీ సుమారు 9.6 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడిని తట్టుకోవలెనని అర్థం. అదే పట్టీ మందాన్ని సగం చేస్తే అది మోయగల బరువు సగం కాదు, నాలుగోవంతుకు, అంటే 2.4 కిలోలకు పడిపోతుంది. “పళ్ళ సెట్టు పలుచగా ఉంటే నోటికి హాయి” అని కోరేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవలెను.

ముద్రిత రెసిన్లు ఈ పరీక్షలో ఎట్లా నిలుస్తున్నాయి? ప్రమాణాన్ని దాటినవి ఉన్నాయి. అయితే అనేక పరిశోధనలలో వాటి బలం ఉడికించిన అక్రిలిక్ కంటే తక్కువగానే కనబడినది. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఒకే సీసాలోని రెసిను ఇద్దరి చేతుల్లో రెండు బలాలను చూపగలదు. యంత్రం నుండి తీసిన వస్తువు పచ్చికుండ వంటిది. దానికి అంటిన ద్రవాన్ని ఆల్కహాలుతో కడగవలెను. కడుగుట చాలకపోయినా, అతిగా నానినా చేటే. ఆపైన కాంతిపెట్టెలో నిర్ణీత కాలం ఉంచి పూర్తిగా గట్టిపరచవలెను. కుమ్మరి ఆవములో కాలని కుండ నీటికి నిలువనట్లే, ఈ ఘట్టాన్ని తొందరగా ముగించిన పన్ను నోటిలో నిలువదు. గట్టిపడని రెసిను లాలాజలంలోకి ఊరి, నోటిని మండించవచ్చును కూడ.

పావగడ సీమలో ఇది కేవలం శాస్త్ర చర్చ కాదు. రాగిముద్దను నమలకుండా మింగవచ్చును. వేయించిన వేరుశనగ గింజలకు, జొన్నరొట్టెకు పళ్ళు కావలెను. సెట్టు విరిగితే పల్లెలోని వృద్ధునికి ఆ రోజు భోజనం చెడుతుంది. ఆయనను పట్నానికి తీసుకొనిపోయే కొడుకుకు ఆ రోజు కూలి పోతుంది. ముద్రణ పద్ధతిలో ఒక మేలు ఇక్కడే ఉన్నది. ఒకసారి తీసిన కొలత కంప్యూటరులో భద్రంగా ఉంటుంది కనుక, చిగుళ్ళ ఆకారం మారనంతవరకు, మళ్ళీ కొలతల కోసం తిరుగకుండా మరొక సెట్టును ముద్రించవచ్చును.

కాబట్టి ముద్రిత పళ్ళు వేయించుకొనేవారు వైద్యుని మూడు ప్రశ్నలు అడుగుట న్యాయం. ఈ రెసిను కొద్దికాలానికా, దీర్ఘకాలానికా ఉద్దేశించినది? తయారీదారు చెప్పినంత కాలం కాంతిలో గట్టిపరచారా? కొలతను భద్రపరుస్తారా? ఇంటిలో పాటించవలసినవీ కొన్ని ఉన్నాయి. సెట్టును కడిగేటప్పుడు క్రింద నీళ్ళ పళ్ళెం ఉంచుకొంటే చేజారినా విరుగదు. మరిగే నీటిలో వేయరాదు. రాత్రి మామూలు నీటిలో ఉంచవలెను. విరిగితే అంగడి జిగురుతో అతికింపక, ముక్కలన్నిటినీ వైద్యునికి అందించవలెను.

తుదిగా తల్లిదండ్రులకు ఒక మనవి. జ్ఞానదంతాలు తప్ప శాశ్వత దంతాల పైభాగాలన్నీ ఇంచుమించు ఎనిమిదేండ్లలోపే రూపుదిద్దుకొంటాయి. ఆ తరువాత ఎంత మంచినీరు త్రాగినా అప్పటికే ఏర్పడిన లోపం పూడదు. శుద్ధజల కేంద్రాలు, తుంగభద్ర నీటి పథకం వంటివి పెద్దల సౌకర్యానికి మాత్రమే కాదు, చంకలోని బిడ్డకు ముందుగా అందవలసినవి. నీరు కరవైనప్పుడు ఇంటిలో ఉన్న ఒక్క బిందె మంచినీరు మొదట ఆ బిడ్డదే కావలెను. మనిషి అచ్చువేసే రెసిను పన్ను గట్టిదనం ప్రకృతి సరిగా కట్టిన పంటి గట్టిదనానికి ఇంకా సాటిరాలేదు. ఈ పాఠశాల శతజయంతినాటికి ఇక్కడ గారలేని నవ్వులే కనబడుగాక!