పాత రోటవేటర్, కొత్త రంగు

ఈ ఉదయకాలమున రేడియో దగ్గర కూర్చున్న రైతు సహోదరులతో ప్రత్యేకముగా మాట్లాడాలని ఆశపడుతున్నాను. పట్నంలో ఉన్నవారు, స్త్రీలు, విసుగుకొనక వినండి. మాట మీ ఇంటికి కూడా వస్తుంది.

మన వాక్యభాగము సామెతలు 20వ అధ్యాయము 14వ వచనము. బైబిలు దగ్గరుంటే తెరచి చూడండి. కొనేవాడు సరుకు ముందు నిలబడి ఇది బాగా లేదని పెదవి విరుస్తాడు. బేరం కుదిరి దారిన పడ్డాక, ఎంత చవకగా కొట్టుకొచ్చానో అని చెప్పుకొని మురుస్తాడు. సొలొమోను మన సంతలో నిలబడి చూచినట్లే వ్రాశాడు. అయితే ఒక సంగతి గమనించారా? ఆ వచనంలో అమ్మేవాడు నోరు విప్పడు. ఈ ఉదయం ఆ నోరు విప్పని మనిషిని గూర్చి చెప్పాలి. అతడు నాకు బాగా తెలుసు. అది నేనే.

సెమినరీ చదువు ముగించుకొని వచ్చిన మరుసటి ఎండాకాలం. మాది తెనాలి వైపు, కృష్ణా డెల్టా. మా తమ్ముడు ట్రాక్టరు నడిపేవాడు. ఇద్దరం డబ్బులు కలిపి ఒక పాత రోటవేటర్ కొన్నాము. చూడటానికి కొత్త పెళ్ళికూతురులా ఉంది, ఎర్రగా నిగనిగలాడుతూ. 22,000 రూపాయలు. దారి పొడవునా నేను మురుస్తూనే ఉన్నాను, అచ్చంగా ఆ వచనంలోని మనిషిలాగే.

తెలియనివారికి రెండు మాటలు. రోటవేటర్ అంటే ట్రాక్టరు వెనక తగిలించే యంత్రం. అడ్డంగా ఒక ఇనుప గొట్టం, దాని మీద వరుసగా చక్రాలు, ఒక్కొక్క చక్రానికి వంపు తిరిగిన బ్లేడ్లు. గొట్టం గిర్రున తిరుగుతుంటే బ్లేడ్లు మట్టిని కోసి, పిండి చేసి వెనక్కు విసురుతాయి. దీనికి మూలపురుషుడు ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే ఆస్ట్రేలియా రైతు కుమారుడు. 1912లో తండ్రి పొలంలో మొదటి ప్రయోగం చేశాడు. ఇంగ్లీషులో ఆ పేరును వెనక నుండి చదివినా అదే వస్తుంది. యంత్రం మాత్రం వెనక నుండి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

మేస్త్రిని పిలిపించాము. ఆయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ట్రాక్టరు ఇంజను ఆపించి, తాళంచెవి తీసి తన మొలలో దోపుకున్నాడు. లేపిన రోటవేటర్ కింద రెండు దిమ్మలు పెట్టించాడు. "హైడ్రాలిక్‌ను నమ్ముకొని కింద దూరినవాడు మళ్ళీ లేస్తాడో లేదో చెప్పలేం బాబూ" అన్నాడు. సహోదరుడా, ఈ ఒక్క మాట కొరకే నీవు రేడియో పెట్టుకున్నా ఈ ఉదయం వృథా కాదు.

తరువాత గేర్ బాక్సు కింది నట్టు విప్పి నూనె తట్టలోకి వదిలాడు. నూనె పాల వలె తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయని అర్థం. వెండి పొడిలా మెరిస్తే పళ్ళు అరిగాయని అర్థం. మా దాంట్లో నూనె రాలేదు, గట్టి గ్రీజు ముద్దలు వచ్చాయి. గేర్ల చప్పుడు వినబడకుండా కుక్కారు! దమ్ము చేసే మాగాణిలో తిరిగిన బండి గనుక పక్క బేరింగు సీలు చినిగి లోపల బురద. గొట్టం చివర గడ్డపలుగు పెట్టి ఎత్తితే టకటకమని ఆడింది. బ్లేడ్లు అరిగి వేలెడు వెడల్పుకు వచ్చాయి.

బ్లేడ్ల దగ్గర మేము లోభించాము. బాగా అరిగినవి సగం మార్చి మిగతావి ఉంచుదామన్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు. కొత్తవి, పాతవి కలిపితే బరువు తేడా వచ్చి బండి వణుకుతుందట, ఆ వణుకు మళ్ళీ బేరింగునే తింటుందట. అరిగిన బ్లేడుతో దున్నితే డీజిలు తాగుతుంది, పని సాగదు. ప్రసంగి 10వ అధ్యాయము 10వ వచనంలో మొద్దుబారిన ఇనుమును గూర్చి చెప్పినది ఇదే కదా. అన్నీ మార్చాము, ఎడమవి ఎడమకు, కుడివి కుడికి. సీళ్ళు, బేరింగు వేసి 90 నంబరు నూనె పోశాము. ట్రాక్టరు నుండి శక్తి తెచ్చే షాఫ్టుకు ప్లాస్టిక్ తొడుగు లేదు, అదీ కొనిపించాడు. అది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. పంచె కొస అందుకుంటే అరిచే లోపే అయిపోతుంది.

ఆ షాఫ్టు దగ్గర ఒక చిన్న బోల్టు ఉంటుంది, రాయి తగిలితే ముందుగా అది తెగిపోవాలని పెట్టినది. మాటిమాటికీ తెగుతోందని మా తమ్ముడు గట్టి ఉక్కు బోల్టు బిగించబోతే మేస్త్రి లాక్కున్నాడు. అది తెగకపోతే గేర్లు పగులుతాయి. దానిమీద నేను తరువాత మూడు ప్రసంగాలు చేశాను, కనుక ఇప్పుడు వదిలేస్తాను.

చివరికి గొట్టాన్ని వైరు బ్రష్షుతో రుద్దుతుంటే చక్రం అతుకు దగ్గర రంగు పెచ్చులుగా లేచింది. కింద లప్పం. లప్పం కింద వెంట్రుకంత పగులు. "గొట్టం మార్చాలి. వెల్డింగు పెడతాను గాని పూచీ లేదు" అన్నాడు. మా దగ్గర డబ్బు అయిపోయింది. వెల్డింగుతోనే ఒక సాలు తిప్పాము. పగులు కొంచెం పెరిగింది.

మరుసటి ఏడు తమ్ముడు అమ్మేద్దామన్నాడు. రంగు డబ్బా తెచ్చాడు. నేను వద్దనలేదు. రేపల్లె వైపు నుండి ఒక కౌలు రైతు తన ఆరేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. శనివారం సాయంత్రం, నేను వరండాలో ఆదివారం ప్రసంగం వ్రాసుకుంటున్నాను. "అయ్యగారి బండి కదా, చూసేదేముంది" అని అతడు బయానా ఇచ్చాడు. నేను తల ఎత్తలేదు. పిల్లవాడు గొట్టం మీద చెయ్యి వేశాడు. రంగు ఇంకా ఆరలేదు, అరచెయ్యంతా ఎర్రగా అయింది. ఆ చెయ్యి తండ్రికి చూపించి నవ్వాడు.

ప్రియులారా, దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనక కొంగలు మాత్రమే నడవవు. చేప పిల్లల కొరకు పిల్లలు కూడా పరుగెత్తుతారు. ఆ గొట్టం తెగి ఇనుప ముక్క ఎగిరితే ఎవరి మీద పడుతుంది?

పట్నంలో ఉన్న సహోదరీ, నీకు రోటవేటర్ లేదు. కాని అమ్మిన ఇంటి గోడలో నెమ్ము మీద ఎవరు సున్నం కొట్టించారు? పెళ్ళిచూపులలో అబ్బాయి జబ్బు సంగతి ఎవరు మింగేశారు? మేము అబద్ధమేమీ ఆడలేదు అంటారు. నేనూ ఆడలేదు. నాకు మోసం చేసినవాడు కూడా ఒక్క అబద్ధం ఆడలేదు, రంగు వేశాడంతే.

ఆదివారం ప్రసంగం ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు. ఆరాధన ముగిసిన వెంటనే మోపెడ్ మీద బయలుదేరి వాళ్ళ ఊరు వెళ్ళాను. పగులు సంగతి చెప్పాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇంకేమైనా ఉందా అయ్యగారూ?" అన్నాడు. ఆలోచించి, కుడి వైపు బేరింగు పాతదే అని కూడా చెప్పాను. అతడు బేరం వదులుకోలేదు. గొట్టం, బేరింగు ఖర్చు తగ్గించి ఇస్తానన్నాడు, నేను సరే అన్నాను. ఇంటికి వచ్చి చెప్తే మా తమ్ముడు, "నీకు జీతం వస్తుంది అన్నయ్యా, నాకు ట్రాక్టరే" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. తగ్గిన సొమ్ములో అతని వాటా నేను నెలనెలా కట్టాను. అయినా సంక్రాంతి దాకా నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ రైతు గొట్టం మార్పించాడు. పాతది పశువుల పాక ముందు గేటు స్తంభంగా పాతాడు. అటు వెళ్ళినప్పుడల్లా ఆగి చూస్తాను. రంగంతా పోయింది. అతుకు దగ్గర ఆ గీత ఇప్పటికీ కనబడుతుంది.

తలలు వంచండి, ప్రార్థన చేసుకుందాము.