మూలన పడున్న పాత రౌటర్‌తో బెడ్రూమ్‌కి వైఫై తెచ్చుకోండి.. పూర్తి సెటప్ తెలుగులో!

మన కామెంట్స్‌లో వారం వారం తిరిగొచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, హాల్లో నెట్ మస్తుంటది, బెడ్రూమ్‌లోకి పోతే కాల్ కట్ అయితది. ప్లాన్ పెంచాలా, మెష్ కొనాలా?" అని. ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదే. ముందే ఒక మాట చెప్పేస్తా. చాలా ఇళ్లలో ఈ రెండూ అవసరం లేదు. అటక మీదో, టీవీ యూనిట్ సొరుగులోనో ఒక పాత రౌటర్ ఉంటుంది కదా, అది ఒకటి, దానితో పాటు ఒక ల్యాన్ కేబుల్ ఉంటే చాలు.

మన ఏరియాలో ఇది చిన్న సమస్య కాదండి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ.. ఇక్కడ ఒకే ఫ్లాట్‌లో ఇద్దరు వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తుంటారు. ఒకరు హాల్లో కూర్చుంటే ఇంకొకరు చివరి బెడ్రూమ్‌లో తలుపేసుకుని క్లయింట్ కాల్‌లో ఉండాలి. ఆ చివరి గదిలో సిగ్నల్ లేకపోతే మేనేజర్ ముందు మాట పడాలి. ఆన్‌లైన్ టెస్ట్ రాసే ఫ్రెషర్ పరిస్థితి ఇంకా ఘోరం. మధ్యలో నెట్ పోతే ఆ ఛాన్స్ మళ్ళీ వస్తుందో రాదో.

మరి హాల్లో వచ్చే స్పీడ్ గదిలోకి ఎందుకు రాదు? ఒకటి గోడలు. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు కొత్తగా లేచిన చాలా టవర్లు మైవాన్ పద్ధతిలో కట్టినవి. అంటే అల్యూమినియం అచ్చులు నిలబెట్టి గోడలన్నీ కాంక్రీట్‌తో పోసేస్తారు. లోపల ఇనుప చువ్వలు ఉంటాయి. పాత ఇటుక గోడ కంటే ఈ గోడ వైఫైని చాలా ఎక్కువ మింగేస్తుంది. రెండోది రౌటర్ ఉండే చోటు. ఫైబర్ వైర్ మెయిన్ డోర్ పక్క నుంచి వస్తుంది కాబట్టి టెక్నీషియన్ బాక్స్ అక్కడే బిగించి వెళ్ళిపోతాడు. బెడ్రూమ్ ఏమో ఇంటికి ఆ చివర. మధ్యలో కిచెన్, టైల్స్ వేసిన బాత్రూమ్, అద్దాల వార్డ్‌రోబ్.

మూడోది పక్కవాళ్ళు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని మన దేశంలో 2005 జనవరిలో లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చారు. మంచిదే, అందుకే ఇవాళ ఇంటింటికీ వైఫై ఉంది. కానీ ఒక్క టవర్‌లో వందల ఫ్లాట్లు ఉంటే అందరి రౌటర్లూ అదే బ్యాండ్‌లో అరుస్తుంటాయి. మాదాపూర్ పీజీ హాస్టల్‌లో ఉండి వైఫై లిస్ట్ ఓపెన్ చేసి చూడండి, స్క్రోల్ చేస్తూనే ఉండాలి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, స్పీడ్ ఎక్కువ. కానీ అది గోడలు దాటడంలో వీక్.

కాబట్టి ఖర్చు పెట్టే ముందు పది నిమిషాలు టెస్ట్ చేయండి. రౌటర్ పక్కన నిలబడి స్పీడ్ టెస్ట్ కొట్టండి. తర్వాత అదే ఫోన్‌తో బెడ్రూమ్‌లో కొట్టండి. ఉదాహరణకి పక్కనే 95 ఎంబీపీఎస్, గదిలో 6 వచ్చిందనుకోండి. అంటే మీ కంపెనీ ఇచ్చే లైన్‌లో ఏ లోపమూ లేదు. ఇప్పుడు 100 ప్లాన్ నుంచి 300కి మారినా ఆ గదిలో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, బిల్లు మాత్రం నెలనెలా పెరుగుతుంది. రౌటర్ పక్కన కూడా స్లోగా ఉంటేనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి.

ఇంకో ఫ్రీ ట్రిక్. రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి, కొంచెం ఎత్తులో, ఇంటి మధ్యకి దగ్గరగా పెట్టి చూడండి. దీంతోనే పని అయిపోతే ఈ వీడియో ఇక్కడే ఆపేయొచ్చు, నేనేమీ అనుకోను.

పని అవ్వలేదా? అయితే పాత రౌటర్ బయటికి తీయండి. నాలుగు విషయాలు చూడాలి. అడాప్టర్ దానిదేనా? వోల్టేజ్ తేడా అయితే రౌటర్ కాలిపోతుంది, స్టిక్కర్ మీద చూసుకోండి. డబ్ల్యూపీఏ2 సెక్యూరిటీ ఉందా? లేకపోతే వాడకండి. ల్యాన్ పోర్టుల స్పీడ్ ఎంత? పాత వాటిలో ఎక్కువగా 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి, అంటే వాటి నుంచి దాదాపు 95 దాకానే వస్తుంది. కంగారు పడకండి, హెచ్‌డీ వీడియో కాల్‌కి సుమారు 4 ఎంబీపీఎస్ చాలు. ఇక నాలుగోది, అది అసలు మీదేనా? పాత నెట్ కంపెనీ డిపాజిట్ తీసుకుని ఇచ్చిన బాక్స్ అయితే తిరిగిచ్చేసి మీ డబ్బులు తెచ్చుకోండి. అలాంటి బాక్సుల్లో సెట్టింగ్స్ చాలాసార్లు లాక్ చేసి ఉంటాయి కూడా.

ఇప్పుడు అసలు సెటప్. మనం దీన్ని యాక్సెస్ పాయింట్‌గా మారుస్తున్నాం. మెయిన్ రౌటరే ఇంటికి పెద్ద. పాతది దాని మాట విని, తన గదిలో వైఫై పంచుతుంది అంతే.

స్టెప్ 1. ఫోన్‌లో మీ మెయిన్ వైఫై డీటెయిల్స్ తెరవండి. గేట్‌వే అని ఒక నంబర్ ఉంటుంది, ఉదాహరణకి 192.168.1.1. రాసి పెట్టుకోండి. ఇది మెయిన్ రౌటర్ అడ్రస్.

స్టెప్ 2. పాత రౌటర్‌కి పవర్ ఇచ్చి, వెనకాల రీసెట్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. పాత పాస్‌వర్డ్‌లు, పాత సెట్టింగ్స్ అన్నీ పోతాయి. ఇప్పుడే కేబుల్ పెట్టొద్దు.

స్టెప్ 3. స్టిక్కర్ మీదున్న వైఫై పేరుకి ఫోన్ కనెక్ట్ చేయండి. "ఇంటర్నెట్ లేదు" అని ఫోన్ గోల చేస్తుంది, పట్టించుకోకండి. కానీ మొబైల్ డేటా ఆఫ్ చేయండి. ఇది చాలామంది మర్చిపోతారు, తర్వాత పేజీ ఓపెన్ అవట్లేదు అంటారు. బ్రౌజర్‌లో స్టిక్కర్ మీదున్న అడ్రస్ కొట్టి లాగిన్ అవ్వండి. వెంటనే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి. ఆపరేషన్ మోడ్ అనే మెనూలో యాక్సెస్ పాయింట్ అని కనిపిస్తే పండగే. అది సెలెక్ట్ చేసి, వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టి, కేబుల్ ఏ పోర్ట్‌లో పెట్టాలో స్క్రీన్ మీద చూసి పెట్టేయండి. పని అయిపోయింది. లేకపోతే నాతో పాటు రండి.

స్టెప్ 4. వైఫై పేరు, పాస్‌వర్డ్ మెయిన్ దానివే పెట్టండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2. ఛానల్ మాత్రం వేరేది. 2.4 బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలని ఛానల్స్ 1, 6, 11. మెయిన్ 1లో ఉంటే దీనికి 6 గానీ 11 గానీ ఇవ్వండి. ఛానల్ విడ్త్ 20 చాలు.

స్టెప్ 5. ల్యాన్ సెట్టింగ్స్‌లో దీని అడ్రస్ మార్చండి. మెయిన్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇద్దాం. చివరి అంకె ఒక్కటే మారాలి. ఒకటి చూసుకోండి, మెయిన్ రౌటర్ ఫోన్లకి పంచే నంబర్లలో ఈ 2 ఉండకూడదు. మెయిన్‌లో డీహెచ్‌సీపీ రేంజ్ 100 నుంచి మొదలయ్యేలా పెట్టేస్తే గొడవ ఉండదు. సేవ్ చేశాక రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. ఇక నుంచి కొత్త అడ్రస్‌తోనే లాగిన్ అవ్వాలి.

స్టెప్ 6. కొత్త అడ్రస్‌తో లాగిన్ అయ్యి డీహెచ్‌సీపీ ఆఫ్ చేయండి. ఎందుకంటే, డీహెచ్‌సీపీ అంటే మన అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ నంబర్లు రాసిచ్చే వాచ్‌మన్ లాంటిది. రెండు గేట్ల దగ్గర ఇద్దరు వాచ్‌మన్లు ఎవరికి వారు నంబర్లు రాసిస్తే ఒకే స్లాట్‌కి రెండు కార్లు వస్తాయి. ఇంట్లోనూ అంతే. ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు నెట్ రాదు, ఎందుకో అర్థం కాదు. ఒక్క వాచ్‌మనే ఉండాలి, అది మెయిన్ రౌటరే.

స్టెప్ 7. ఇప్పుడు కేబుల్. ఒక చివర మెయిన్ రౌటర్ ల్యాన్ పోర్ట్‌లో, ఇంకో చివర పాత రౌటర్ ల్యాన్ పోర్ట్‌లో. వాన్ పోర్ట్‌లో కాదు. వాన్ పోర్ట్ సాధారణంగా రంగు వేరుగా, కాస్త పక్కకి ఉంటుంది. దాంట్లో పెడితే పాత రౌటర్ తన వెనక వేరు కాపురం పెడుతుంది. నెట్ వచ్చినా, బెడ్రూమ్ ఫోన్‌కి హాల్లో టీవీ, ప్రింటర్ కనిపించకపోవచ్చు. ఇంకో జాగ్రత్త, రెండు రౌటర్ల మధ్య రెండు కేబుల్స్ పెట్టొద్దు. లూప్ అయ్యి ఇంట్లో నెట్ మొత్తం పడుకుంటుంది.

ఫోన్ కనెక్ట్ చేసి గేట్‌వే చూడండి. మెయిన్ రౌటర్ అడ్రస్ కనిపిస్తే సెటప్ కరెక్ట్. బెడ్రూమ్‌లో మళ్ళీ స్పీడ్ టెస్ట్ కొట్టి, మొదటి నంబర్‌తో పోల్చుకోండి.

"కేబుల్ ఎలా లాగాలి బ్రో, అద్దె ఇల్లు" అంటారు, తెలుసు. ముందు గది గోడలు చూడండి. కొత్త ఫ్లాట్లలో బిల్డర్ బెడ్రూమ్‌లో కూడా ల్యాన్ పాయింట్ ఇచ్చి ఉంటాడు. మంచం వెనకో, టేబుల్ దగ్గరో స్విచ్ బోర్డ్ పక్కన ఆ సాకెట్ ఉందేమో వెతకండి. దాని రెండో చివర మెయిన్ డోర్ దగ్గరి బాక్స్‌లో ఉంటుంది. కొన్నిసార్లు వైర్ ఉంటుంది, చివర్లు మాత్రం క్రింప్ చేసి ఉండవు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే చేసేస్తాడు. పాయింట్ లేకపోతే ఫ్లాట్‌గా ఉండే క్యాట్ 6 కేబుల్ తీసుకుని స్కర్టింగ్ వెంబడి, తలుపు కింద నుంచి అంటించుకుంటూ వెళ్ళండి. గోడకి ఒక్క మేకు కొట్టక్కర్లేదు, ఓనర్‌తో పంచాయితీ ఉండదు. కావల్సిన కొలతకి చేయించుకోవాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా. అక్కడ "ప్యూర్ కాపర్" అని అడిగి తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక వైర్ వద్దు. కరెంట్ వైర్లు వెళ్ళే పైపులో మాత్రం ల్యాన్ కేబుల్ దూర్చకండి. అది సేఫ్ కాదు.

కేబుల్ అసలు కుదరదంటే కొన్ని రౌటర్లలో రిపీటర్ మోడ్ ఉంటుంది. పని చేస్తుంది, కానీ ఒకే రేడియో అటు వినాలి, ఇటు చెప్పాలి కాబట్టి స్పీడ్ దాదాపు సగం పోతుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడితే ఉపయోగం లేదు. సిగ్నల్ ఇంకా బాగున్న సగం దారిలో పెట్టండి. అన్నీ కాంక్రీట్ గోడలే, కేబుల్‌కి దారే లేదు అంటే అప్పుడు మెష్ గురించి ఆలోచించండి.

రెండు ప్రాక్టికల్ విషయాలు. పేరు ఒకటే పెట్టినా ఏ రౌటర్‌ని పట్టుకోవాలో ఫోనే డిసైడ్ చేస్తుంది. హాల్ నుంచి గదిలోకి నడిచినా కొన్ని ఫోన్లు పాత సిగ్నల్‌నే పట్టుకు వేలాడతాయి. అలాంటప్పుడు వైఫై ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. గదిలోంచి కదలని ఆఫీస్ లాప్‌టాప్ కోసమే అయితే బెడ్రూమ్ వైఫైకి వేరే పేరు పెట్టుకోవడమే బెటర్. ఇంకోటి, ఇన్వర్టర్. ఫైబర్ బాక్స్, మెయిన్ రౌటర్, పాత రౌటర్.. మూడూ ఇన్వర్టర్ లైన్ సాకెట్‌లోనే ఉండాలి. ఒక్కటి బయట ఉన్నా కరెంట్ పోగానే కాల్ కట్.

చివరగా సెక్యూరిటీ. ఇది స్కిప్ చేయకండి ప్లీజ్. మన ఇళ్లలో బాగా కనిపించే రౌటర్ టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్. దాని పాత వెర్షన్లు కొన్నింటిలో ఉన్న లోపాన్ని హ్యాకర్లు వాడుకుంటున్నారని అమెరికా ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ సీసా 2025 జూన్‌లో తన లిస్ట్‌లో పెట్టింది. యాక్సెస్ పాయింట్‌గా మెయిన్ రౌటర్ వెనక ఉంటే పాతది నేరుగా ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉండదు, రిస్క్ తగ్గుతుంది. కానీ సున్నా అవ్వదు. మీ వైఫైలో ఉన్న ఎవరైనా దాని అడ్మిన్ పేజీ దాకా రాగలరు. కాబట్టి కంపెనీ సైట్‌లో మీ మోడల్, వెర్షన్ నంబర్ కొట్టి కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే వేయండి. డబ్ల్యూపీఎస్, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేయండి. అప్‌డేట్స్ ఆగిపోయి, పైగా ఇలాంటి లిస్ట్‌లో మీ మోడల్ ఉంటే మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి. అదే ఇంట్లో మీ ఆఫీస్ లాప్‌టాప్ ఉంది, అమ్మానాన్నల బ్యాంక్ యాప్ ఉంది. ఫ్రీగా వచ్చిందని వాటిని పణంగా పెట్టకూడదు కదా. అలా పక్కన పెట్టిన దాన్ని చెత్తబుట్టలో పడేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

మొత్తంగా గుర్తుంచుకోవాల్సింది ఇంతే. ముందు టెస్ట్, తర్వాత కేబుల్, ల్యాన్ నుంచి ల్యాన్‌కి, డీహెచ్‌సీపీ ఆఫ్, ఛానల్ వేరు, ఫర్మ్‌వేర్ కొత్తది. ఏదైనా స్టెప్‌లో ఆగిపోతే మీ రౌటర్ మోడల్, వెర్షన్ నంబర్ కామెంట్‌లో పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం పెట్టకండి బాబూ! చివరి గదిలో కూర్చుని ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుక్కునే ఫ్రెండ్ మీకు ఒకరు ఉండే ఉంటారు, వాళ్ళకి ఈ వీడియో షేర్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై ఫ్రెండ్స్, జాగ్రత్త.