రాగిరేకు మీద ముఖాలు



మీ జేబులోంచి ఒక డాలరు నోటు బయటికి తీయండి. భయపడకండి, చందా అడగను! వాషింగ్టన్ గారి చెంపను దగ్గరగా చూడండి. పూసిన రంగంటూ లేదు. అన్నీ సన్నని గీతలు, చుక్కలే. గీత లావెక్కితే నీడ, సన్నబడితే వెలుగు. గిల్బర్ట్ స్టూవర్ట్ వేసిన రంగుల చిత్రాన్ని జార్జ్ స్మిల్లీ అనే పనివాడు ఇలా గీతల్లోకి మార్చి లోహం మీద చెక్కాడు.

ఈ విద్య 17వ శతాబ్దంలో, బరోక్ కాలపు ఐరోపాలో బాగా పండింది. సరంజామా ఎంత? నున్నటి రాగిరేకు, బ్యూరిన్ అనే చిన్న ఉక్కు ఉలి. బొమ్మను కుడిఎడమలు తారుమారు చేసి చెక్కాలి. గీతల్లో సిరా నింపి, పైపైన తుడిచి, తడికాగితం పరిచి గట్టిగా నొక్కితే ముఖం అచ్చవుతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ 'అన్‌డూ' మీట అక్కడ లేదు. పారిస్‌లో రాబర్ట్ నాంతయ్ 200కు పైగా ముఖాలు చెక్కాడు. క్లోద్ మెల్లాన్ అయితే 1649లో క్రీస్తు ముఖాన్ని ముక్కు కొన దగ్గర మొదలుపెట్టి, చుట్లు తిరిగే ఒకే ఒక్క గీతతో పూర్తిచేశాడు! న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దాని ప్రతి ఉంది.

మనకేమిటి సంబంధం అంటారా? రామదాసు మేనమామలని మనం చెప్పుకునే అక్కన్న, మాదన్నలు గోల్కొండలో తానీషా మంత్రులు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశం కాకముందే ఇద్దరూ హత్యకు గురయ్యారు. గోల్కొండ రాజ్యంలో ఏళ్ళ తరబడి పనిచేసిన డచ్చి కంపెనీ ఉద్యోగి డేనియల్ హావర్ట్, 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఆ అన్నదమ్ముల బొమ్మలు రాగిరేకు మీద చెక్కించి అందులో చేర్చాడు.

రంగుల బొమ్మ ఒక్కటే ఉంటుంది, పోతే పోయినట్టే. రాగిరేకు నుంచి వందల ప్రతులు వస్తాయి. మా భాషలో చెప్పాలంటే, బ్యాకప్! అందుకే రాజ్యం పోయినా ఆ ముఖాలు మిగిలాయి. కానీ వాటి కింద ఉన్నది తెలుగు కాదు, డచ్చి భాష.

మన ఇళ్ళలో తాతల, నాయనమ్మల ఫోటోలున్నాయి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు వాళ్ళెవరో తెలియదు. ఫోటో వెనక పేరు, ఊరు, సంవత్సరం తెలుగులో రాయండి. ప్రతులు తీసి నలుగురు బంధువులకు పంపండి. మాదన్న పేరు డచ్చివాడు రాసిపెట్టాడు. మనవాళ్ళ పేర్లు మనమే రాయాలి.

సెలవు.