గాలివాన వెలిసిన పిదప: ఇంటి పునరుద్ధరణము



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని తెలుగువారి సామెత. ఆ రెండు పనులలోని కష్టము చేసినవారికే తెలియునని దాని భావము. కోస్తా తీరమున పుట్టినవారు దీనికి మూడవ మాట యొకటి చేర్చుకొనవచ్చును: గాలివానకు చెడిన యింటిని బాగుచేసి చూడు. క్రొత్త యిల్లు కట్టువారు ముహూర్తము చూచుకొని, డబ్బు కూర్చుకొని, మేస్త్రీని కుదుర్చుకొని పని మొదలుపెట్టుదురు. చెడిన యింటిని బాగుచేయువానికి ముహూర్తము లేదు; డబ్బు సిద్ధముగా ఉండదు; ఊరిలోని యిండ్లన్నియు ఒక్కమారే పాడగుటచే మేస్త్రీయు దొరకడు.

భిలాయిలోని తెలుగు కుటుంబములకు ఈ విషయము దూరమైనది కాదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన నాటికి ఈ ప్రాంతము మధ్యప్రదేశములో ఉండెను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2000 నవంబరు 1న ఏర్పడినది. కర్మాగారము పనికి దేశము నలుమూలల నుండి జనులు వచ్చినపుడు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల వారును పలువురు వచ్చిరి. 1931లో పూర్తియైన విజయనగరము-రాయపూరు రైలుమార్గము వారికి త్రోవ చూపినది. నేటికిని ఆ మార్గమే వారిని పండుగలకు ఊరు చేర్చుచున్నది.

సెక్టారులోని క్వార్టరు సంస్థ సొత్తు. ఉద్యోగమున్నన్నాళ్లు ఉండుటకు ఇచ్చినది. సొంత యిల్లనగా పలువురికి ఊరిలోని పెంకుటిల్లో, మిద్దెయో. అందు తల్లిదండ్రులు ఉందురు; విరామానంతరము తామును అచటికే చేరవలెనని తలంతురు. తీరమున వాయుగుండము పుట్టినదను వార్త వినగానే భిలాయిలో ఎన్నో యిండ్లలో నిద్ర పట్టకపోవుటకు కారణ మిదియే.

ఆ తీరపు చరిత్రమును సంగ్రహముగ తలచుకొనుట అవసరము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. సముద్రము మైళ్లకొలది భూమి మీదికి వచ్చి సుమారు 10,000 మందిని బలిగొన్నది. మట్టిగోడలు, తాటియాకుల కప్పులు గల యిండ్లు ఆనవాలు లేక పోయినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో విశాఖపట్టణమును తాకినది. విమానాశ్రయపు పైకప్పు చెదరినది. విద్యుత్తు లేక విశాఖ ఉక్కు కర్మాగారములో ఉత్పత్తి స్తంభించినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసినది. ఈ మూడును అక్టోబరు, నవంబరు మాసములలోనే వచ్చినవని గమనింపవలెను. ఇంటి మరమ్మతు కాలమును నిర్ణయించుటకు ఈ సంగతి ముఖ్యము.

తుపాను వార్త విని భిలాయి నుండి ఊరికి పరుగెత్తు ఉద్యోగికి సాధారణముగ పది పన్నెండు దినముల సెలవు దొరకును. ఆ పది దినములలోనే ఇల్లు మరల మునుపటివలె కావలెనని అతని ఆరాటము. కూలిన పూతను గీకించి, సిమెంటు పూయించి, సున్నమో రంగో వేయించి, తల్లిదండ్రులను లోపల కూర్చుండబెట్టి రైలెక్కును. ఆరు నెలలు గడవకముందే రంగు పొక్కులెత్తును. పూత పెచ్చులుగా రాలును. గోడ అడుగున తెల్లని ఉప్పు పూయును. మూలలలో నల్లని బూజు పట్టును. ముసలి తండ్రికి దగ్గు, ఆయాసము మొదలగును. ఖర్చుపెట్టిన డబ్బు గోడకు దక్కదు, మనిషికిని దక్కదు. లోపము మేస్త్రీది కాదు, సిమెంటుది కాదు. గోడ ఆరకముందు దానిని మూసివేయుటయే లోపము. తడిసిన యింటికి తొలి మందు ఆరుట. ఈనాటి ప్రసంగములోని ముఖ్యమైన మాట యిదియే.

అయినను ఆరుటకు ముందు చేయవలసిన పనులు కొన్ని కలవు. ఇంటిలో అడుగు పెట్టుటకు పూర్వము బయటినుండియే గోడలను, దూలములను పరికింపవలెను. మట్టిగోడ మొదలు నీటికి కోసుకొనిపోయినచో కప్పు బరువును మోయుటకు ముందుగా ఆపుకఱ్ఱలు నిలుపవలెను. తరువాతనే లోనికి పోవలెను. మెయిన్ స్విచ్చి కట్టియుండవలెను. వీధిలో కరెంటు వచ్చినదని సంతోషించి, తడిసిన బోర్డుల మీద స్విచ్చి నొక్కి ప్రాణము పోగొట్టుకొన్నవారు కలరు. ఎలక్ట్రీషియను పరీక్షించువరకు దాని జోలికి పోరాదు. కుప్పపడిన పెంకులలోను, కొబ్బరిమట్టలలోను పాములు, తేళ్లు చేరును. చేతితో గాక కఱ్ఱతో కదలింపవలెను. శుభ్రము చేయుటకు ముందే నష్టమును ఫోటోలు తీసి యుంచుకొన్నచో, రెవెన్యూ సిబ్బంది లెక్క వ్రాయుటకు వచ్చినపుడు అక్కఱకు వచ్చును. తడిసిన దస్తావేజులను ఎండలో పెట్టక, పుటకు పుటకు నడుమ పీల్చుకాగితము ఉంచి నీడలో ఆరబెట్టవలెను.

ఇంటికన్న ముందు బావి. వరదనీరు చేరిన బావి నీటిని తోడి పోసి, క్రొత్త ఊట వచ్చిన పిదప బ్లీచింగు పొడి వేయవలెను. వేయి లీటర్ల నీటికి మంచి పొడి 2.5 గ్రాములు కనీసపు మోతాదు. 2 మీటర్ల అడ్డుకొలత గల బావిలో 3 మీటర్ల నీరున్నచో అది సుమారు 9,400 లీటర్లు. దానికి 24 గ్రాములు పట్టును. వరద కలిసిన బావికి ఇంతకన్న ఎక్కువ కావలసి యుండును గనుక ఆరోగ్యశాఖవారిచే పరీక్ష చేయించి మోతాదు నిర్ణయించుకొనుట మేలు. పొడిని నేరుగా చల్లరాదు. బకెట్టులో కలిపి, సున్నము అడుగున తేరిన తరువాత పైని తేటనీటిని మాత్రము బావిలో కలిపి, కనీసము ఒక గంట ఆగవలెను.

ఇక ఆరుట సంగతి. బురద తడిగా నున్నపుడే కడిగివేయవలెను, ఎండినచో ఊడదు. సముద్రపు నీరు చొచ్చిన గోడలను మంచినీటితో ఒకమారు కడుగుట అవసరము. తరువాత తలుపులు, కిటికీలు తెఱచి గాలి ఆడనీయవలెను. నీరు పీల్చి ఉబ్బిన పూతను, నీరు నిలిచిన గుర్తుకు ఒక అడుగు పైవరకు గీకివేసినచో ఇటుకకు గాలి తగులును. ఇటుకగోడ ఆరుటకు అంగుళమునకు ఒక నెల యని ఒక మోటులెక్క కలదు. ఎండను, గాలిని, గోడ రెండు వైపుల తెఱపిని బట్టి అది తగ్గవచ్చును, పెరుగవచ్చును. ఏమైనను తొమ్మిది అంగుళముల గోడ పది దినములలో ఆరదు. ఆరినదీ లేనిదీ తెలిసికొనుటకు సులువైన పరీక్ష యొకటి కలదు. మూరెడు ప్లాస్టిక్ కాగితమును గోడకు నాలుగు అంచుల అంటించి ఒక దినము ఉంచవలెను. దాని లోపలివైపు చెమ్మ బిందువులు కట్టినచో గోడలో తడి ఇంకను ఉన్నదన్నమాట.

ఉప్పునకును బూజునకును వైద్యము వేరు. గోడ ఆరుచున్నకొలది పైకి తేలు తెల్లని ఉప్పును పొడి చీపురుతో దులిపి ఎత్తి పారవేయవలెను. నీటితో కడిగినచో మరల లోపలికి పోవును. బూజును మాత్రము పొడిగా దులుపరాదు. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని. ముక్కుకు గుడ్డ కట్టుకొని సబ్బునీటితో తుడువవలెను.

పాత యిండ్లలో పలుచోట్ల ఇటుకను సున్నముతోనో, మట్టితోనో కట్టియుందురు. అట్టి గోడ ఊపిరి పీల్చు గోడ. తడి వచ్చినను మరల పోవును. దానిమీద బిగువైన సిమెంటు పూత వేసినచో తడికి దారి మూసుకొనును. సున్నపు గోడకు సున్నపు పూతయే తగును. తలుపుల విషయమునను తొందర పనికిరాదు. నీటికి ఉబ్బి మూతపడని తలుపును వెంటనే చిత్రిక పట్టించినచో, వేసవిలో అది ఎండి కుదించుకొని, గడియ అందక వ్రేలాడును. ఊడదీసి, నీడలో పరచి ఆరబెట్టి, అప్పటికిని పట్టనిచో చిత్రిక పట్టవలెను. తడిసిన దూలములకు, వాసములకు చెదలు త్వరగా సోకును గనుక వాని కొనలను గుచ్చి చూడవలెను.

ఉక్కు చేయువారికి త్రుప్పు గుఱించి వేరుగా చెప్పనక్కఱలేదు. అయినను తమ యింటి స్లాబులోని చువ్వలను తలచువారు తక్కువ. సముద్రపు ఉప్పు కాంక్రీటులోనికి చొచ్చినచో చువ్వకు త్రుప్పు పట్టును. త్రుప్పు ఉక్కుకన్న రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమించును. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులూడును. పగులును పైపైన పూడ్చుట పుండునకు రంగు వేయుట వంటిది. వదులైన కాంక్రీటును చువ్వ వెనుకవరకు తొలగించి, త్రుప్పును గీకి, చువ్వ సన్నబడినచో ఇంజనీరు సలహాతో క్రొత్త చువ్వ చేర్చి, మంచినీటితో కలిపిన సిమెంటుతో కప్పవలెను. ఉప్పుబావి నీటిని ఇందుకు వాడరాదు.

కప్పును మరల వేయునపుడు గాలి స్వభావమును ఎఱుగవలెను. గాలి పెంకులను త్రోసివేయునని పలువురు తలంతురు. నిజమునకు కప్పు మీదుగా పోవుచు దానిని పైకి పీల్చును. వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగు రెట్లగును. భారతీయ ప్రమాణముల నియమావళిలో గాలివేగము విశాఖపట్టణమునకు సెకనుకు 50 మీటర్లుగను, రాయపూరునకు 39 మీటర్లుగను చూపబడినది. 50 మీటర్ల వేగమున ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. మంగుళూరు పెంకుల కప్పు బరువు అంతకంటె చాల తక్కువ గనుక బరువు మాత్రమే దానిని కాపాడదు. చూరు వెంబడియు, కప్పు కొనల వద్దను పెంకులను తీగతో కట్టించి, వాసములను దూలమునకు, దూలమును గోడకు ఇనుప పట్టీలతో బిగింపవలెను. కప్పు నుండి పునాది వరకు గొలుసు తెగరాదు. చూరు పొడవుగా బయటికి వచ్చినచో గాలికి పట్టు దొరకును.

భిలాయిలో తుపాను లేకున్నను వాన కలదు. పైయంతస్తు క్వార్టరులో కప్పు కారుచున్నచో ముందుగా చూడవలసినది కప్పు మీది నీటి గొట్టము. వేసవిలో రాలిన వేపాకు దాని నోటిని మూసినచో నీరు నిలిచి, పిట్టగోడ మొదటి సందు నుండి దిగును. తొలకరికి ముందు ఆ గొట్టమును శుభ్రపరచుట కాసు ఖర్చులేని మరమ్మతు. ఈ సీమలో స్థలము కొని యిల్లు కట్టుకొన్నవారు మరియొక సంగతి ఎఱుగవలెను. ఇచట కన్హార్ అని పిలిచెడి నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు కుంగును. దానితో గోడ పగులును. అట్టి పగులును పూడ్చుటకు ముందు, దానికి అడ్డముగా సన్నని గాజుముక్కను అతికించి తేదీ వ్రాయవలెను. గాజు పగిలినచో గోడ ఇంకను కదలుచున్నది. వైద్యము పునాదికి కావలెను గాని పూతకు కాదు.

ఇన్నిటిని పది దినముల సెలవులో ఇముడ్చుట అసాధ్యము, ఇముడ్చుటయు తగదు. పనిని మూడు ప్రయాణములుగ విభజించుకొనుట ఉత్తమము. తుపాను వెలసిన వెంటనే పోయినపుడు ప్రాణరక్షణకు కావలసిన పనులు మాత్రమే చేయవలెను: కప్పును టార్పాలినుతోనైనను మూయుట, బురద కడుగుట, బావి, విద్యుత్తు, తడిపూత గీకుట. సంక్రాంతికి పోయినపుడు గోడను పరీక్షించి, ఉప్పు దులిపి, కలపపని, కప్పుపని చేయింపవలెను. ఉగాది నాటికి గోడ ఆరినదని తేలిన పిదప పూతయు రంగును. అప్పటికి మేస్త్రీలు దొరకుదురు; ధరలును దిగియుండును. డబ్బును ఒక్కమారే అప్పు చేయనక్కఱలేదు.

ఈ నడిమి మాసములలో పెద్దవారు ఎచట నుందురను ప్రశ్న మిగిలియున్నది. ఇటుకలెక్కకు లొంగని చిక్కు ఇది యొక్కటే. గోడలు నిలిచియుండగా ఇల్లు విడిచి రామని వారందురు. పెరటిలోని జామచెట్టును, పక్కింటివారి పలకరింపును విడిచి రెండు గదుల క్వార్టరులో ఉండుట వారికి శిక్షగా తోచును. వారిని బలవంతపెట్టుటకన్న, "ఇల్లు ఆరుచున్నది, ఉగాదికి మరల తీసికొనిపోదుము" అని గడువు చెప్పి పిలుచుట మంచిది. తిరిగి పోవుదినము తెలిసినవారు వచ్చుటకు అంతగా వెనుదీయరు. రాలేనివారికి ఊరిలోనే ఆరిన గది యొకటి చూపి, రాత్రి పడక అచట ఏర్పాటు చేయవలెను. చెప్పిన గడువును కొడుకులు, కోడండ్రు తప్పరాదు. మాట తప్పినచో మరుసటి తుపానుకు వారిని తడిగోడల నడుమ నుండి కదలించుట ఎవరి తరము కాదు.