మన మందుల డబ్బా – మన మనవడు
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు గుర్తొచ్చేది నకారా కేసు. పెన్షను ఎవరి దయాదాక్షిణ్యమూ కాదని 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో డి.ఎ. బకాయిలు, పి.ఆర్.సి., హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటాం. వాటి గురించి చెప్పడానికి నాకంటే సమర్థులు ఈ వేదికమీదే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం పిల్లలూ మత్తు పదార్థాలూ అనే విషయం మీద మాట్లాడమన్నారు. అది తల్లిదండ్రులకు చెప్పవలసిన విషయం గదా, తాతలకెందుకని మీలో కొందరు అనుకోవచ్చు. మా ఇంట్లో జరిగింది చెబుతాను, ఎందుకో మీకే తెలుస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో 33 ఏళ్లు పనిచేశాను. మాత్రలు లెక్కపెట్టడమే నా ఉద్యోగం. స్టాకు రిజిస్టరులో పది మాత్రలు తేడా వస్తే, అది తేలేదాకా ఇంటికి వెళ్లేవాణ్ని కాదు. అలాంటివాణ్ని, రిటైరయ్యాక నా ఇంటి మందుల డబ్బాలో ఏముందో ఒక్కనాడూ చూడలేదు.

మా ఆవిడకు మోకాలి ఆపరేషను అయింది. నొప్పికి ట్రమడాల్, నిద్రకు ఆల్ప్రాజోలమ్ రాశారు. నొప్పి తగ్గాక ట్రమడాల్ ఆపేశాం గాని మిగిలినవి పారేయలేదు. ఎప్పుడైనా పనికొస్తాయని దాచడం మన తరానికి అలవాటు. ఫ్రిజ్ మీద ఒక పాత బిస్కెట్ల డబ్బాలో బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు, దగ్గుమందు సీసా అన్నీ కలిసి ఉండేవి.

2022 దసరా సెలవులకు మా మనవడు హాస్టలు నుంచి వచ్చాడు. ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం. వాడు వెళ్లిన రెండు రోజులకు మా ఆవిడ, "నిద్రమాత్రల స్ట్రిప్పు ఒకటి కనబడడం లేదండీ" అన్నది.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఏడేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఆమెను అడిగాను. అదీ తిన్నగా అడగలేదు. "మీ ఆయనకు తాగుడు అలవాటు గదా, ఆయన కోసం ఏమైనా తీసుకెళ్లావా" అన్నాను. ఆమె చేతిలో చీపురు గోడకు ఆనించి, "మీ మందుబిళ్లలు మాకెందుకు అయ్యగారూ" అని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి రాలేదు. మనవడి మీదికి నా అనుమానమే పోలేదు.

దీపావళికి వాడు మళ్లీ వచ్చాడు. ఉతకడానికి సంచిలోంచి బట్టలు తీస్తుంటే చొక్కా జేబులో ఖాళీ స్ట్రిప్పు దొరికింది. పాత అలవాటు కొద్దీ బ్యాచి నంబరు చూశాను. మా డబ్బాలో మిగిలినదానిదీ అదే బ్యాచి.

వాణ్ని మేడమీదికి తీసుకెళ్లి అడిగాను. ఏడ్చాడు. "చదువు ఒత్తిడికి నిద్ర పట్టలేదు తాతయ్యా, ఒక్కసారే. నాన్నకు చెప్పకు" అన్నాడు. చెప్పలేదు. పైగా బస్సెక్కించేటప్పుడు వాడి చేతిలో ఐదు వందలు పెట్టి, "ఇకమీదట వద్దు నాన్నా" అన్నాను. ఇంటి పరువు కాపాడాననీ, మనవడి మనసు గెలిచాననీ అనుకుంటూ ఇంటికి వచ్చాను.

మూడు వారాలకు ఫోను వచ్చింది. ఎవరిదో పుట్టినరోజట. బీరు తాగి, దాని మీద రెండు మాత్రలు వేసుకుని మెట్ల మీద పడ్డాడు. తోటి పిల్లలు భయపడి పారిపోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లారు, వాళ్ల పుణ్యమా అని దక్కాడు. మద్యమూ నిద్రమాత్రా రెండూ ఊపిరిని మందగింపజేసేవే. విడివిడిగా తట్టుకున్నవాడు కూడా రెండూ కలిస్తే తట్టుకోలేకపోవచ్చు. కౌంటరు దగ్గర ఎందరికి చెప్పానో ఈ మాట! ఇంట్లోవాడికి చెప్పలేదు. బీరు డబ్బు ఎక్కడిదని మా అబ్బాయి అడిగితే, వాడు దాచకుండా చెప్పాడు. "నాకెందుకు చెప్పలేదు నాన్నా" అని ఒక్క మాట అని, మా అబ్బాయి నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు.

మత్తు పదార్థాలంటే మనకు సినిమాల్లో చూసిన ముఠాలూ, మన్యం నుంచి దిగే గంజాయి లారీలూ గుర్తొస్తాయి. గంజాయి లేదని కాదు, హాస్టళ్లదాకా వచ్చింది. కానీ పిల్లవాడు మొదట చెయ్యి చాపేది సాధారణంగా దగ్గరలో ఉన్నదానికే. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వేలో, పీల్చే మత్తు వాడేవాళ్లు పెద్దల్లో 0.58 శాతం ఉంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం ఉన్నారు. పీల్చే మత్తు అంటే వైట్‌నర్, పంక్చరు అతికించే జిగురు వంటివి. పుస్తకాల కొట్లో, సైకిలు షాపులో దొరికేవే. ఇక ఆల్ప్రాజోలమ్, ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గుమందు 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. వాటిని అమ్మితే దుకాణంవారు రోగి పేరు, డాక్టరు పేరు విడిగా రిజిస్టరులో రాయాలి. దుకాణంలో అంత కట్టుదిట్టం చేసి అమ్మిన మందును మనం తెచ్చి ఫ్రిజ్ మీద పెడుతున్నాం.

మా వాణ్ని మానసిక వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన వాణ్ని ఏమీ అనకుండా, ముందు మమ్మల్ని అడిగారు, ఇంట్లో ఎవరెవరు తాగుతారని. మా అబ్బాయి ఆదివారాలు తాగుతాడు, నాకు తెలుసు. సోడాలు తేవడానికి మనవణ్నే పంపేవాళ్లం. వాడికి పన్నెండేళ్ల వయసు నుంచీ ఆ డ్యూటీ ఉంది. మెదడులో ముందువెనుకలు ఆలోచించి అదుపు చేసే భాగం ఇరవై ఏళ్లు దాటాక గాని పూర్తిగా ఎదగదని, అందుకే చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లు బానిసలయ్యే ప్రమాదం ఎక్కువని ఆయన చెప్పారు. ఆ మాట విని మా అబ్బాయి తల వంచుకున్నాడు. ఇప్పుడు ఇంట్లోకి సీసా రావడం లేదు. బయట సంగతి నేను అడగను.

ఇక్కడ ఒక పాత సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగినప్పుడు మనమంతా సర్వీసులో ఉన్నాం. 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి మద్యనిషేధం, 1997లో దాన్ని సడలించడం అన్నీ చూశాం. ఆఫీసుల్లో టీ తాగుతూ ఎటు పక్షం అటు వాదించుకున్నాం కూడా. ఆ తల్లులు తమ ఇంటి సంగతి నడివీధిలో నిలబడి చెప్పారు. నేను మా ఇంటి సంగతి సొంత కొడుక్కి చెప్పలేకపోయాను.

గుర్తుపట్టడం ఎలాగని అడుగుతారు. మధ్యాహ్నందాకా లేవకపోవడం, డబ్బు అవసరాలు పెరగడం, ఇష్టమైన ఆట మానేయడం, పేర్లు చెప్పని స్నేహితులు, మాటలో తడబాటు. నిజానికి వీటిలో సగం ప్రతి పదహారేళ్లవాడిలోనూ ఉంటాయి. ఒక్కటి చూసి దొంగ అనకండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వచ్చిందా అన్నది చూడాలి. ఆ తేడా తల్లిదండ్రులకంటే తీరిగ్గా ఇంట్లో కూర్చునే మనకే ముందు కనబడుతుంది. కనబడినప్పుడు వాడి తల్లికీ తండ్రికీ చెప్పండి. "నాన్నకు చెప్పకు" అంటే, "చెబుతాను, కానీ నువ్వు పక్కనుండగానే చెబుతాను" అనండి. ఈ మాట నాకు ఆలస్యంగా తట్టింది.

ఆసుపత్రికి వెళితే పోలీసు కేసవుతుందని చాలామంది దాస్తారు. చికిత్స కోసం వెళ్లడం నేరం కాదు. మత్తుమందుల చట్టంలో 64ఎ అనే సెక్షను ఉంది. వాడకం కేసులోగాని, కొద్ది మోతాదు కేసులోగాని ఇరుక్కున్న బాధితుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వచ్చి, దాన్ని పూర్తి చేస్తే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షనది. శిక్ష అమ్మేవాడికి గట్టిగానే ఉంది. పిల్లలకు మద్యమో మత్తుమందో ఇచ్చినవాడికి 2015 బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్లదాకా జైలు. సలహాకు మత్తు విముక్తి వారి ఫోను 14446, మనసు బాగాలేనప్పుడు టెలిమానస్ 14416. రెంటికీ డబ్బు కట్టనక్కరలేదు. కాగితం మీద రాసుకోండి, నేను ఆగుతాను.

మా డబ్బా ఇప్పుడు బీరువాలో ఉంది. తాళం మా ఆవిడ దగ్గర. ఆదివారం ఆదివారం లెక్క చూసి చిన్న పుస్తకంలో రాస్తాను. వాడని మాత్రలు స్ట్రిప్పులోంచి తీసి, వాడేసిన టీ పొడిలో కలిపి, కవరులో మూటగట్టి చెత్తలో వేస్తాం. మనవడికి డబ్బు ఇవ్వడం మానలేదు, కాని ఇచ్చినట్టు వాళ్ల నాన్నకు తెలుస్తుంది.

వాడు ఒక్కసారిగా మారిపోయాడని చెబితే అబద్ధం. 2023లో మళ్లీ ఒకసారి జారాడు. ఆ రాత్రి పదకొండింటికి తనే ఫోను చేశాడు. "తాతయ్యా, తప్పు చేశాను" అన్నాడు. నేను కేకలు వేయలేదు. "ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు" అని మాత్రం అడిగి, వాళ్ల నాన్నను లేపాను. ఇద్దరం కలిసి వెళ్లాం. తరువాత డిగ్రీలో చేరాడు. ఈ సభలో పేరు లేకుండా చెప్పమంటావా అని అడిగితే, "చెప్పు తాతయ్యా, పనామె సంగతి కూడా చెప్పు" అన్నాడు.

ఆమె ఇంటికి వెళ్లాను. క్షమించమన్నాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "బాబు ఎలా ఉన్నాడండీ" అని అడిగింది. ఆ దసరాకు వాడు డబ్బాలోంచి తీయడం ఆమె చూసిందట. మరెందుకు చెప్పలేదమ్మా అన్నాను. "చెబితే నమ్మేవారా అయ్యగారూ" అన్నది. తిరిగి పనిలోకి రాలేదు. వేరే ఇంట్లో చేస్తోంది.

సభ అయ్యాక బయట బల్ల దగ్గర ఉంటాను. మందుల చీటీలు తెచ్చినవారు చూపించండి. ఏవి తాళంలో పెట్టవలసినవో గుర్తుపెట్టి ఇస్తాను. ఒక్క మాట మరిచిపోయాను. రోజూ నిద్రమాత్ర వేసుకునేవారు నా ప్రసంగం విని ఈ రాత్రే ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరుగారిని అడిగి, మెల్లగా తగ్గించుకోవాలి.