గళ్లలో ఇమడని గ్రంథాలు

గ్రంథాలయ డేటాబేస్‌లో కొత్త రికార్డు తెరవగానే ఖాళీ గళ్లు వరసగా కనిపిస్తాయి: పుస్తకం పేరు, కర్త, ప్రచురణకర్త, సంవత్సరం, పుటలు, ఐఎస్‌బీఎన్. ఇవి అచ్చుపుస్తకాన్ని, అందులోనూ ముఖపత్రం ఉన్న ఇటీవలి అచ్చుపుస్తకాన్ని దృష్టిలో పెట్టుకుని గీసిన గళ్లు. 1960లలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న మార్క్ పద్ధతి నేటికీ చాలా గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లకు పునాది. 1999లో అది మార్క్ 21గా స్థిరపడింది. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణమైంది 1970లో. అంతకుముందు అచ్చయిన తెలుగు పుస్తకాలకు ఆ సంఖ్య లేదు. ఇక తాటాకు కట్టకూ, కడితానికీ, రాగిరేకుకూ, కథ చెప్పే పటానికీ పై గళ్లలో సగం వర్తించనే వర్తించవు.

అలాగని పద్ధతి చేతకానిదేమీ కాదు. మార్క్‌లో ఇలాంటి వస్తువులకు తగిన గళ్లు పుష్కలంగా ఉన్నాయి, వాడేవారే తక్కువ. గడి ఖాళీగా ఉండకూడదన్న తొందరలో లేని పేరు పెట్టడం, ఊహించిన సంవత్సరం వేయడం, ఆకులను పుటలుగా లెక్కకట్టడం వల్లనే అసలు నష్టం జరుగుతోంది. గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పుచ్చుకుని బయటికి వస్తున్నవారిలో కొందరి బల్లమీదికైనా అలాంటి కట్ట ఒకటి వస్తుంది. దాని వివరణ ఎలా సాగాలన్నదే ఇక్కడ విషయం.

తాటాకు కట్టకు ముఖపత్రం ఉండదు. పైనా కిందా చెక్క పలకలు, ఆకుల మధ్య రంధ్రం, అందులోంచి పోయే తాడు. గంటంతో గీసిన అక్షరాల్లో మసి నింపకపోతే గీతలు వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనపడవు. గ్రంథం పేరు కోసం మొదటి ఆకు తిరగేయడం అలవాటు. కానీ తెలుగు ప్రబంధం విషయంలో వెతకాల్సిన చోటు ఆశ్వాసం చివర. ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు చెప్పుకుంటాడు. ఆ గద్య ఉన్న ఆకు పోయిన కట్టకు ఆదివాక్యం, అంత్యవాక్యం యథాతథంగా ఎత్తిరాయాలి. ఆది, అంతం ఇవ్వడం వివరణాత్మక సూచికల్లో పాత సంప్రదాయం. పేరు తెలియని గ్రంథాన్ని మరో చోటున్న ప్రతితో పోల్చి గుర్తుపట్టడానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

ఆకుకు సంఖ్య ఒక్కటే, రాత రెండువైపులా. కాబట్టి పరిమాణం గడిలో ‘120 ఆకులు’ అని ఉండాలి, ‘240 పుటలు’ అని కాదు. తాడు తెగి కలగాపులగమైన కట్టలో ఏ సంఖ్యలు లేవో విడిగా చెప్పాలి. ఆకు పొడవు, వెడల్పు, ఆకుకు పంక్తులు, పురుగు తిన్న మేర, విరిగిన అంచులు కూడా వివరణలో భాగమే.

ఒకే కట్టలో మూడు నాలుగు గ్రంథాలుండటం మామూలు. ఒక శతకం, కొంత వైద్యం, జ్యోతిషంలో కొన్ని ఆకులు ఒకే తాడుకు ఎక్కుతాయి. మొదటి గ్రంథం పేరుతో కట్టంతటికీ ఒకే రికార్డు చేస్తే మిగతావి ఉన్నా లేనట్టే. కట్టకు ఒక రికార్డు, అందులోని ఒక్కో గ్రంథానికి ఒక్కో రికార్డు చేసి, వీటిని మార్క్‌లోని 773 గడి ద్వారా కట్టకు ముడివేయడమే సరైన పని. శ్రమ ఎక్కువే. కానీ వైద్యగ్రంథం కోసం వచ్చిన పరిశోధకుడికి అది శతకం చాటున దొరికేది ఇలా చేస్తేనే.

కృతి వేరు, ప్రతి వేరు. అచ్చులో ఒక ముద్రణలోని వెయ్యి ప్రతులూ దాదాపు ఒకటే. తాటాకులో ఏ ప్రతికి ఆ ప్రతే ప్రత్యేకం, పాఠాంతరాలతో సహా. సి.పి. బ్రౌన్ పండితులను పెట్టి ఒక్కో కావ్యానికి దొరికిన ప్రతులను పోల్పించి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. ఆయన సేకరణ ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది. అలాంటి శుద్ధప్రతికి కవి, లేఖకుడు, పరిష్కర్త, రాయించినవాడు అని నలుగురు సంబంధీకులు. కర్త గడిలో ఒక్క పేరు వేసి వదిలేస్తే మిగతా ముగ్గురి శ్రమా రికార్డుకెక్కదు.

లేఖకుడు చివర వేసే కాలం నకలు రాసిన కాలం, కావ్యం పుట్టిన కాలం కాదు. అదీ తరచు సంవత్సర నామం ఒక్కటే. ‘శార్వరి’ అని ఉంటే అది 1900-01 కావచ్చు, 1840-41 కావచ్చు, 1780-81 కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు. మాసం, తిథి, వారం కూడా ఉంటే ఎల్.డి. స్వామికన్ను పిళ్లై పట్టికల వంటివాటితో సరిచూసి కొన్నింటిని తోసిపుచ్చవచ్చు. అప్పటికీ తేలకపోతే సంవత్సర నామాన్ని ఉన్నదున్నట్టు రాసి, తేదీని సందేహాస్పదంగా గుర్తించే ‘క్యూ’ సంకేతంతో రెండు హద్దులూ ఇవ్వాలి. ఒకసారి రికార్డులో పడ్డ తప్పుడు సంవత్సరం పది జాబితాల్లోకి నకలవుతుంది.

కడితం మరో రకం. గుడ్డకు నల్లటి పూత పట్టించి, మడతలు పెట్టి, బలపంతో రాసే లెక్కల పుస్తకం అది. చెరిపి మళ్లీ రాసే వీలుంది కనుక కింద కనిపించే పాత రాత సంగతీ వివరణలో చెప్పాలి.

తిరుమలలో దొరికిన, తాళ్లపాక కవుల సంకీర్తనలున్న రాగిరేకులది వేరే చిక్కు. సంకీర్తనలకు పేర్లు లేవు. ఉన్నది రాగం పేరు, పల్లవి. అందువల్ల పల్లవి మొదటి మాటలే శీర్షిక అవుతాయి. రేకు సంఖ్య, అందులో సంకీర్తన వరస సంఖ్య కలిపితే అదే దాని గుర్తింపు. తిరుమల తిరుపతి దేవస్థానం సంపుటాలు ఈ సంఖ్యలను ఇస్తాయి కనుక డేటాబేస్ కొత్తగా సంఖ్యలు కల్పించాల్సిన పనిలేదు.

చేర్యాల పటంలో సాధారణంగా అక్షరమే ఉండదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పటం విప్పుతూ బొమ్మ చూపి కథ నడుపుతారు. పొడవు, వెడల్పు, బొమ్మల వరస, గీసిన నకాషీ చిత్రకారుల కుటుంబం రికార్డులో ఉండాలి. కథనం ఆడియో, వీడియో ఉంటే ఆ రికార్డును దీనికి జోడించాలి. పాట లేని పటం వివరణ సగమే.

వస్తువు మామూలుదై, లోపలి విషయం అసాధారణమైన గ్రంథాలూ ఉన్నాయి. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ ప్రతి పద్యమూ రామకథగానూ భారతకథగానూ నడుస్తుంది. అల్మారాలో దాని చోటు ఒక్కటే, డ్యూయీ 894.827, తెలుగు సాహిత్యం. డేటాబేస్‌కు ఆ ఇరుకు లేదు. రామాయణం, మహాభారతం రెండూ విషయశీర్షికలుగా ఇవ్వవచ్చు, 655 గడిలో ‘ద్వ్యర్థి కావ్యం’ అని ప్రక్రియ చేర్చవచ్చు. ఎలకూచి బాలసరస్వతి ‘రాఘవ యాదవ పాండవీయం’ వంటి మూడర్థాల కావ్యం కూడా అప్పుడు అదే వెతుకులాటలో బయటపడుతుంది. తెలుగు సేకరణల్లో 655 గడిని ఇంత నిర్లక్ష్యం చేయడం తగదు.

పంచాంగాన్ని ఏటా కొత్త పుస్తకంగా కాక ధారావాహికగా నమోదు చేయడం మేలు. సంవత్సర నామమే దాని సంచిక సంఖ్య. కర్త, ఏడాది లేని, చవకగా అమ్మిన గుజిలీ ప్రతులకు ముద్రణాలయం పేరు, వెల, అట్టమీది బొమ్మ ఆనవాళ్లు. బ్రెయిలీ ప్రతికి సంపుటాల సంఖ్య తప్పనిసరి. ఒక్క అచ్చుపుస్తకం బ్రెయిలీలో కొన్ని పెద్ద సంపుటాలవుతుంది.

ఇవన్నీ చేసినా లిపి కుదరకపోతే రికార్డు దొరకదు. పాత ముఖపత్రం మీద ‘తెలుఁగు’ అని ఉంటే శీర్షిక రాసే 245 గడిలో అలాగే ఉండాలి. కానీ యూనికోడ్‌లో అరసున్న ప్రత్యేక సంకేతం కావడంతో ‘తెలుగు’ అని వెతికినవారికి అది తగలకపోవచ్చు. అందుకే నేటి రూపాన్ని శీర్షిక ఇతర రూపాలకు కేటాయించిన 246లో ఇవ్వాలి. బండి ‘ఱ’కూ, ‘చరిత్రము’, ‘చరిత్ర’ వంటి జంటలకూ ఇదే నియమం. 1962 నుంచి పీఎల్-480 అనే అమెరికా ప్రభుత్వ పథకం కింద అమెరికా విశ్వవిద్యాలయాలకు చేరిన తెలుగు పుస్తకాలను అక్కడ రోమన్ లిపిలోకి మార్చి నమోదు చేశారు. ఆ రికార్డులకు 880 గడిలో తెలుగు లిపి రూపం జోడిస్తే షికాగోలో ఉన్న పుస్తకం కడపలో తెలుగులో టైపు చేసినవారికీ కనిపిస్తుంది.