జీడి మరకా డిజైనేనా?

(పలాసలో అంబేద్కర్ జయంతి నాడు, మా వాడ విద్యార్థిని చేసిన బట్టల ప్రదర్శన దగ్గర చేసిన ప్రసంగ పాఠం)

ఒకపూట కూలి పోగొట్టుకుని వచ్చిన జీడిపిక్కల అక్కచెల్లెళ్లారా,

గోడ నిండా బట్టలు చూసి సగంమంది బట్టలకొట్టు పెట్టారనుకున్నారు. ఒక పెద్దాయనైతే ధర కూడా అడిగాడు. ఇవి అమ్మకానికి కావు. మన వాడ గుంట ఒకర్తి ఫ్యాషన్ డిజైను చదువుతోంది. చదువులో భాగంగా చేసిన పనులివి. తన పేరు మైకులో చెప్పొద్దంది, చెప్పం.

ముందు మా తప్పు మేం ఒప్పుకోవాలి. సీటొచ్చిందని ఆ పిల్ల వచ్చి చెప్పినప్పుడు మేం ఏమన్నాం? "కుట్టుమిషనుకి కాలేజీ ఏటమ్మా, ఏ నర్సింగో చూసుకోక" అన్నాం. ఉద్యమంలో ఇన్నేళ్లు తిరిగినవాళ్లమే ఆ మాటన్నాం. డాక్టరు, కలెక్టరు తప్ప ఇంకో చదువు మా కంటికి ఆనలేదు. గుడ్డ ఎవరు కట్టాలో, ఎంతవరకు కట్టాలో కులం శాసించిన దేశంలో గుడ్డ చదువు చిన్న చదువెలా అవుతుంది?

మనువు చండాలుణ్ణి శవం మీది గుడ్డ కట్టుకోమన్నాడు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు రొమ్ము మీద గుడ్డ కప్పుకోడానికి దశాబ్దాలు కొట్లాడితే 1859లో గాని రాజు దిగిరాలేదు. దిగొచ్చి కూడా, కప్పుకోండి గాని పైకులాల ఆడవాళ్లలాగ మాత్రం కాదు అని మెలిక పెట్టాడు. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన బాబాసాహెబు, ఆ సభల్లోనే ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడాడు. అంటరానివాళ్లని దూరం నుంచే పట్టిచ్చే ఆ చీరకట్టునీ, ఆ బరువు వెండి నగల్నీ వదిలేయండి అన్నాడు. ఆయన సూటు, టై వేసుకోడం సోకు అనుకునేవాళ్లు ఈ సంగతి చదువుకోవాలి.

ఇక ఈ పిల్ల పనులు. మొదటి ఏడు కాలేజీవాళ్లు "మీ జిల్లా వారసత్వ నేత" మీద ప్రాజెక్టు చెయ్యమన్నారు. శ్రీకాకుళం అంటే లోకానికి పొందూరే గదా. వెళ్లింది. కొండపత్తి గింజ చుట్టూ ఉన్న దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లే దువ్వెన. ఆ చేప మన సముద్రంది కాదు, దవడలు గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. ఏకులు చేసి ఎండిన అరటిపట్టలో భద్రపరచి, ఒంటికదురు రాట్నం మీద నూరో నంబరు నూలు తీస్తారు. ఆ పనిచేసే పట్టుశాలి అమ్మల చెయ్యి గొప్ప చెయ్యి. వాళ్లకి దక్కింది పొగడ్త ఎక్కువ, కూలి తక్కువ. వాళ్లతో మనకి పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, గాంధీ మెచ్చిన గుడ్డ చరిత్రయింది, మన తాతల గుడ్డ కాలేదు. ఈ పిల్ల ఇంటికొచ్చి నాయనమ్మని అడిగింది: "మనోళ్లు ఏటైనా నేసేవారా?" ముసలమ్మ చెప్పింది, పెరట్లో మగ్గం గుంత ఉండేదని, అది పూడ్చేశాకే వంటిల్లు కట్టారని. మాలలు ముతక గుడ్డ నేసేవారని తెల్లదొరల పుస్తకాల్లో కూడా ఉంది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాల సంపుటాల్లో మాలల వృత్తుల్లో నేత కనిపిస్తుంది. నేసినోడు అంటరానోడు, నేసిన గుడ్డకి మాత్రం అంటులేదు! మిల్లు గుడ్డ వచ్చి ఆ మగ్గాన్ని మింగేసింది. దానికి ఏ ఖాదీ సంఘమూ పుట్టలేదు, దాన్ని చూడ్డానికి ఏ నాయకుడూ రాలేదు.

అందుకని ఈ పిల్ల పదో నంబరు నూలుతో ముతక గుడ్డ నేసి, పొందూరు గుడ్డ పక్కనే పెట్టింది. చివరున్న ఆ రెండు ముక్కలూ అవే. ముట్టుకు చూడండి, ఎవరూ ఏమీ అనరు. రంగు ఎక్కడిదో పోల్చుకున్నారా? పప్పు మీద మీరు గోటితో ఒలిచి పారేసే ఎర్ర పొట్టుది. ఉడకబెడితే గోధుమరంగు వస్తుంది, తుప్పుపట్టిన మేకులు నానేసిన నీళ్లలో ముంచితే నల్లబడుతుంది. పొట్టులోని వగరుకి ఇనుము తగిలితే అంతే.

ఇప్పుడు అసలు గొడవ చెప్పాలి.

రెండో ఏడు ఆ పిల్ల వాళ్లమ్మ పనిచీరని కాలేజీకి తీసుకుపోయింది. ఆమె ఈ పలాస-కాశీబుగ్గలోనే జీడిపిక్కలు కొడుతుంది. పిక్క డొల్లలో ఉండే నూనె సంగతి మీకు మేం చెప్పేదేముంది? చేతికి బూడిదో ఆముదమో రాసుకోకపోతే తోలు ఊడొస్తుంది. ఆ నూనె రంగుల్లోకి, బండ్ల బ్రేకుల్లోకి పోతుంది, పప్పు గుండు, బద్ద అని గ్రేడులై పట్నాలకి పోతుంది. చీర మీద మరక మాత్రం మన ఇంటికొస్తుంది. ఎన్ని ఉతుకులుతికినా పోదు.

మాస్టారు చీర చూసి ఎగిరి గంతేశాడంట. "అద్భుతం, ఇదే నీ ఇన్‌స్పిరేషన్, అద్దాల చట్రంలో పెట్టు" అన్నాడంట. పిల్ల సంతోషంగా ఇంటికొచ్చి చెప్పింది. వాళ్లమ్మ ఒకటే మాటంది: "ఆ మాసిన గుడ్డ నలుగురిలోనా ఏలాడగడతావేటే? నాను మంచి సీర కట్టుకుని ఒస్తాను. నన్ను సూడమను."

ఈ ప్రదర్శన పెట్టేముందు రెండు రాత్రులు దీని మీదే మాలో మాకు తగువు. మాలో కొందరం, పెట్టాల్సిందే అన్నాం. శ్రమని దాచడమంటే అగ్రవర్ణాల అందానికి లొంగిపోవడమే అన్నాం. పెద్ద పెద్ద మాటలే అన్నాం. పిక్కలు కొట్టే ఆడవాళ్లు ఒక్కరూ మావైపు రాలేదు. ఒకామె అడిగింది, "మీ చొక్కా మరకలు ఏ గోడకి కట్టారు బాబూ?" అని. జవాబు లేకపోయింది. చీర ఆమెది, మరక ఆమెది, దాన్ని లోకానికి చూపించాలా వద్దా చెప్పే హక్కు ఆమెది. చీర పెట్టనందుకు కాలేజీలో పిల్లకి మార్కులు తగ్గాయి. తగ్గనీ. అటు చివర ఖాళీ మేకు కనిపిస్తోందే, అది ఆ చీరది. మేకు మేమే కొట్టాం.

చీర పెట్టలేదు గాని చీరని చూసి ఇంకోటి కుట్టింది. ముంజేతిదాకా చేతులు, ముందు వైపు మందపాటి గుడ్డ, విప్పి ఉతుక్కునేలా వేరే పొర ఉన్న పనికోటు. నాలుగు నెలలుగా వాళ్లమ్మ వేసుకుంటోంది. ఉక్కగా ఉందని తిడుతోంది కూడా. చంకల దగ్గర మళ్లీ మార్చి కుట్టాలి.

చివరగా ఆ జాకెట్లు. ఉద్దానంలో కిడ్నీల జబ్బు లేని వీధి ఏది? 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలిసిస్‌కి వెళ్లేవాళ్లకి తెలుసు, వారానికి రెండుమూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. సూదులు గుచ్చేది చేతికి. మన ఆడవాళ్ల జాకెట్టు చెయ్యి బిగుతు, పైకి మడిస్తే మోచెయ్యి మీద కట్టేసినట్టుంటుంది. రక్తం ఆడాల్సిన చేతికి బిగుతు పనికిరాదు. అందరి ముందూ జాకెట్టు విప్పాలా? ఈ పిల్ల భుజం నుంచి అంచుదాకా చెయ్యి తెరిచి, టిచ్‌బటన్లు పెట్టింది. మగాళ్ల చొక్కాలూ అలాగే. ఏ ఫ్యాషను షోలోనూ ఇవి నడవవు. నడవాల్సింది ఇక్కడినుంచి ఆసుపత్రిదాకా.

సభ అయ్యాక కొలతలు తీసుకుంటారు. డయాలిసిస్ మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు ఏ చేతికి సూది వేస్తారో, కుడో ఎడమో, తప్పకుండా చెప్పండి. గుడ్డ మీదే తెచ్చుకోవాలి, కుట్టుకూలి లేదు. బటన్లకి మాత్రం సంఘం చందా వేస్తోంది. మిషన్లు రెండే ఉన్నాయి గనక ముందు వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి వచ్చినవాళ్లవి రాసుకుంటాం. వాళ్ల బస్సు అయిదింటికి.